బుడ్డిలో లియొనెల్

"నా కొడుకు చేతి మీద తోలు గిల్లి పట్టుకుపొమ్మని నీకెవరు చెప్పారమ్మాయ్?"

యులాలీ ఈ మాట అంటూనే బంగాళదుంపలు తురుముతోంది. కొడుకు ప్రాణం మీదికొచ్చిందని తెలిసిన తల్లి ఒక మూల కూర్చుని ఏడుస్తూ ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు యులాలీ కొమోని ఎరగరన్నమాట. నిన్న సాయంత్రం తన పల్లె సెయింట్ మేరీస్ బే నుంచి వచ్చి హాలిఫాక్స్‌లో బస్సు దిగింది. వెంట ఒక దుంపల సంచీ, ఒక కోడి. హాలిఫాక్స్‌లో దుంపలు దొరకవా అత్తయ్యా అని కోడలు మోరాగ్ అంటే, "దొరుకుతాయి, దుంపల్లా ఉండవు" అనేసింది.

"మా ల్యాబ్‌లో అందరూ ఇస్తారు అత్తయ్యా," అంది మోరాగ్. పొద్దున్నుంచి చెప్పిందే మళ్ళీ చెప్పింది. "మేము రోగుల కణాలు బుడ్డీల్లో పెంచుతాం. వాటి పక్కన పెట్టి పోల్చడానికి జబ్బు లేని వాళ్ళ కణాలు కావాలి. ఎవర్ని అడుగుతాం? మొగుళ్ళని, అన్నదమ్ముల్ని అడుగుతాం. నాతో పనిచేసే రీమా వాళ్ళ మామగారు కూడా ఇచ్చారు."

"ఆయనకేం తేలింది?"

"ఏమీ తేలలేదు."

"చూశావా మరి!"

ఏం చూడాలో మోరాగ్‌కి అర్థం కాలేదు. కానీ ఎదురు చెప్పే ఓపిక లేదు. ముసలావిడ తురుముని గుడ్డలో మూటకట్టి, మెలితిప్పి నీళ్ళు పిండుతోంది. ఆ మూటలో ఉన్నది కోడలి మెడే అన్నంత కసిగా పిండుతోంది.

"గిల్లితే గిల్లావు. ఆ తర్వాత అందులోకి తొంగిచూడ్డం ఎందుకు? చూస్తే చూశావు. వాడికి చెప్పడం ఎందుకు? తెలియకుండా ఉంటే ఇంకో పదేళ్ళు హాయిగా నవ్వుతూ తిరిగేవాడు."

ఇదొక్కటి మాత్రం మోరాగ్‌కి సూటిగా తగిలింది. పోయిన వారం నుంచి ఆమె తనని తాను అడుగుతున్నదీ అదే. ల్యాబ్‌లో నియమం ఉంది. బుడ్డి మీద అంకె మాత్రమే ఉండాలి, అది ఎవరిదో వెతక్కూడదు. కానీ మొగుడి బుడ్డి ఏదో తెలియని పెళ్ళాం ఎక్కడుంటుంది? ల్యాబ్‌లో పరిశోధన చేసే పిల్లలందరూ పొద్దున్నే బుడ్డీలు పెట్టే వెచ్చటి అర తలుపు తీసి "గుడ్ మార్నింగ్ లియొనెల్" అని బుడ్డికి చెప్పి నవ్వుకునేవాళ్ళు. పోయిన వారం అన్ని బుడ్డీల్లోని జన్యువులూ ఒక్కసారి చదివించినప్పుడు, జబ్బు లేని లియొనెల్ బుడ్డిలో జబ్బు గుర్తు కనబడింది. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయి, కండ కరిగిపోయి, చివరికి ఊపిరి తీసుకునే బలం కూడా లేకుండా చేసే జబ్బు. మోరాగ్ పదిహేనేళ్ళుగా కుస్తీ పడుతున్నది దానితోనే.

"మీ మామగారు చివర్లో చెంచా జారవిడిచేవాడు," అంది యులాలీ. గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. "నేను తిట్టేదాన్ని. తాగి పారేస్తున్నాడనుకుని తిట్టేదాన్ని. ఇప్పుడేమో... మా వైపునుంచే వచ్చింది కదూ ఇది? నిజం చెప్పు."

"తెలీదు అత్తయ్యా."

"నీకు తెలియని రోజు కూడా వచ్చిందన్నమాట."

లియొనెల్ నేలమాళిగలోంచి ఇంకో అట్టపెట్టె మోసుకుని పైకి వచ్చాడు. నడవా నిండా అలాంటి పెట్టెలే. అన్నిటి మీదా "థండర్ బే" అని లావుపాటి అక్షరాలు. శుక్రవారం ఆ దూరపు ఊరికి సామాను మోసే లారీ వస్తుంది.

ఆ ఊరి శివార్లలో పరీక్షల కోసం కట్టిన బ్యాటరీల ఫ్యాక్టరీ వాళ్ళు ఆరేళ్ళుగా అతన్ని పిలుస్తున్నారు. లియొనెల్ తన ల్యాబ్‌లో కనిపెట్టిన పొడి ఒకటుంది. మామూలు ఉప్పులో దొరికే సోడియంతో నడిచే బ్యాటరీకి అది గుండెకాయ. చొక్కా గుండీ అంత బ్యాటరీలు చేసి, వాటికి ఛార్జింగ్ ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి, ఏళ్ళ తరబడి అదే పని చేస్తూ కూర్చున్నాడు. గుండీ అంత ఉన్నది బస్సుని నడిపేంత కావాలంటే ఆ ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఆరేళ్ళూ "నాకిష్టం లేదు" అన్నాడు. జబ్బు మాట విన్న రోజు ఒక గంట ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, వస్తున్నానని వాళ్ళకి రాశాడు. మోరాగ్ అతని వెనక నిలబడి, "నేనూ వస్తాను. ల్యాబ్ మూసేస్తాను. నీకెన్నాళ్ళుంటే అన్నాళ్ళూ నీ దగ్గరే ఉంటాను" అంది. ఏడుస్తూ అంది గానీ మనస్ఫూర్తిగానే అంది.

"ఉన్ని కోటు ఇందులో పెట్టావా?" అని అడిగాడు లియొనెల్.

"పెట్టాను."

"నీది కూడా?"

"నాదీ పెట్టాను."

"థండర్ బేలో చలికి ముక్కు ఊడి కింద పడుతుందిట," అంది యులాలీ. "జబ్బు మనిషిని తీసుకుపోవడానికి నీకు ఇంకో ఊరు దొరకలేదా అమ్మాయ్?"

"ఆ ఊరు ఎంచుకుంది నేనమ్మా," అన్నాడు లియొనెల్. "దాన్ని అనకు."

"అంటాను. నిన్ను అనలేను కాబట్టి దాన్ని అంటాను. అంతకంటే ఏం చెయ్యను?"

బయట రేవులోంచి, పొగమంచులో ఓడలని హెచ్చరించే బూర మోగింది. కోడి ఉడుకుతున్న గిన్నె మూత టకటకలాడుతుంటే మోరాగ్ వెళ్ళి మంట తగ్గించింది.

అప్పుడు ఫోన్ మోగింది.

లియొనెల్ ఫోన్ బల్ల మీద ఉంది. తెర మీద ఆసుపత్రి పేరు పడింది. పోయిన వారమే అతని చేతిలోంచి తాజాగా రక్తం తీసుకున్నారు. తొందరగా చెయ్యమని మోరాగ్ ఎవరెవరినో బతిమాలింది. ముగ్గురూ ఆ ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు. ఇంకోసారి మోగి ఆగిపోతుందేమోననగా లియొనెల్ తీశాడు.

"ఊఁ... నేనే... ఊఁ." అతను కిటికీ వైపు తిరిగాడు. "అలాగా... మళ్ళీ చెప్పండి. కాదు, వినబడింది. అయినా మళ్ళీ ఒకసారి చెప్పండి."

ఫోన్ పెట్టేసి, దగ్గర్లో ఉన్న అట్టపెట్టె మీద కూలబడ్డాడు. పెట్టె కొంచెం లోపలికి కుంగింది.

"లేదట," అన్నాడు.

"ఏది లేదురా?"

"జబ్బు. నాకు లేదట. ఆ గుర్తే లేదట. రెండుసార్లు చూశారట."

యులాలీ చేతిలో ఉన్న దుంప మూట సింక్‌లో పడేసింది. తడి చేతులతోనే కొడుకు తల పట్టుకుని, జుట్టంతా దుంపల గంజి పూస్తూ, మేరీ మాతని, కన్నుమూసిన మొగుణ్ణి, ఊళ్ళో ఉన్న ఫాదర్‌ని వరసగా పిలిచింది. తర్వాత కొడుకు వీపు మీద చెళ్ళున ఒక్కటి చరిచింది. "చంపేశావు కదరా! వారం రోజులు నన్ను చంపేశావు!" లియొనెల్ నవ్వుతున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. ఏది ఎక్కువో చెప్పడం కష్టం.

మోరాగ్ మాత్రం పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయింది.

"ఏం, నువ్వు రావేం?" అన్నాడు లియొనెల్, చెయ్యి చాపి.

వెళ్ళింది. అతని భుజం మీద ముఖం పెట్టింది. పెట్టి, నెమ్మదిగా అంది: "ఇంకోసారి రక్తం ఇద్దాం లియొనెల్. వేరే ఊరికి పంపిద్దాం."

అతని చెయ్యి ఆమె వీపు మీద ఆగిపోయింది. "ఏమిటీ?"

"రెండు పరీక్షలు రెండు మాటలు చెబుతున్నాయి. ఏదో ఒకటి తప్పు. ఏది తప్పో తెలియకుండా..."

"ఆసుపత్రి వాళ్ళు లేదంటున్నారు!"

"వాళ్ళ ట్యూబులు తారుమారయ్యుండొచ్చు."

"నీ బుడ్డీలు తారుమారు కావా?"

"నావి కావు," అంది మోరాగ్. ఆ మాట వట్టి గొప్పకి అన్నది కాదు. శుభ్రం విషయంలో ఆమె నిప్పులు కడిగే మనిషి. ఒక బుడ్డి తెరిచి ఉండగా ఇంకో బుడ్డి బయటికి తీయనివ్వదు. ఒక్కో రకం కణాలకి పోసే పోషక ద్రవం సీసా వేరు. ఒకదాని సీసా ఇంకోదానికి తాకితే ఆ పిల్లలకి ఆ రోజు మూడినట్టే.

లియొనెల్ లేచి నిలబడ్డాడు. "అంటే నేను బతుకుతానని ఎవరైనా చెబితే నువ్వు నమ్మవు. చస్తానని నీ బుడ్డి చెబితే మాత్రం ఆ క్షణంలోనే నమ్మేశావు."

"అలా కాదు..."

"మరెలా?"

"నీకు మొగుడి కంటే బుడ్డే ఎక్కువమ్మాయ్," అంది యులాలీ. ఈసారి కసిగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. అందుకే మోరాగ్‌కి ఇంకా ఎక్కువ నొప్పి పెట్టింది.

ఎలా చెప్పాలి వీళ్ళకి? ఇప్పుడు సంతోషపడి, రేపు అది తప్పని తేలితే, ఆ రెండోసారి తట్టుకునే శక్తి తనకి లేదు. ఆమెకి అతను కావాలి. ఇప్పటికే ఒకసారి పోగొట్టుకుని వారం రోజులు బతికింది. మళ్ళీ చేతికి ఇచ్చి లాక్కుంటే చచ్చిపోతుంది. ఈ మాట పైకి అని ఉంటే గొడవే ఉండేది కాదు. కానీ ఆమె కోటు కూడా వేసుకోకుండా వెనక తలుపు తీసుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

రీమా ఖూరీకి ఫోన్ చేసింది. ల్యాబ్‌లో రోజువారీ పనులు చూసేది రీమాయే. బుడ్డిలో ఉన్న కణాలు ఎవరివో పోల్చి చెప్పే పరీక్షకి అయిదు రోజుల క్రితమే పంపమని చెప్పింది మోరాగ్. ఏదో పట్టుదల కొద్దీ చెప్పింది గానీ ఆశ పెట్టుకుని కాదు.

"నేనే చేద్దామనుకుంటున్నాను నీకు," అంది రీమా. "కూర్చున్నావా?"

"నిలబడే ఉన్నాను. చెప్పు."

"మీ ఆయన ఆడమనిషి."

"ఏమిటీ?"

"బుడ్డిలో ఉన్నది, తల్లీ. ఆడమనిషి కణాలు. మగ జాడ అన్నదే లేదు. ఆ పై అరలో ఉండే రోగి బుడ్డి ఉందే, గడ్డిలా పెరిగిపోతుందని నవ్వుకుంటాం, అచ్చంగా అవే. లియొనెల్ ఒక్కడు కూడా మిగల్లేదు అందులో."

మోరాగ్ మెట్టు మీద కూలబడింది. మెట్టు తడిగా ఉంది. తెలియలేదు.

తెలిసింది వేరే సంగతి. రెండేళ్ళ కిందట తుఫాను వచ్చిన రోజు. కరెంటు పోతుందని రేడియోలో చెబుతున్నారు. పిల్లలందరినీ ఇళ్ళకి పంపేసి, తనొక్కతే ఉండి కణాలన్నిటికీ పోషక ద్రవం పోస్తోంది. కింద కారులో లియొనెల్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు, వంతెన మూసేస్తారని. ఆ ఒక్క రోజు, జీవితంలో ఆ ఒక్క రోజు, పై అరలో రోగి బుడ్డికి పోసిన సీసాతోనే లియొనెల్ బుడ్డికీ పోసింది. ద్రవం పోసే గొట్టం మార్చింది గానీ సీసా మార్చలేదు. ఒక్క చుక్క చాలు. పాలలో తోడు చుక్క పడ్డట్టు పడింది. బలంగా పెరిగేది మెల్లగా పెరిగేదాన్ని మింగేసింది.

"తప్పు నాది," అంది మోరాగ్.

"నీదా?"

"నాదే రీమా! నేనే చేశాను! తుఫాను రోజు, ఒకే సీసా..." అని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని నవ్వింది. తను చేసిన తప్పుకి ఇంత సంతోషించిన మనిషి హాలిఫాక్స్‌లో ఇంకొకరు ఉండరు. ఆసుపత్రి ట్యూబులు తారుమారు కాలేదు. అతనికి ఏమీ లేదు. పోయిన వారం నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువు లేచి వెళ్ళిపోయింది. మంచు గాలి కూడా తియ్యగా ఉంది.

"నవ్వుతున్నావా?" అంది రీమా. "నవ్వు, నవ్వు. ఈ రెండేళ్ళలో జబ్బు లేని కణాలని చెప్పి మనం పోల్చినవన్నీ జబ్బు కణాలతోనే పోల్చాం. వేసవిలో అచ్చయిన పరిశోధన పేపర్ వెనక్కి తీసుకోవాలి. అందరి పనీ మళ్ళీ మొదటికొచ్చింది."

"తీసుకుందాం. నేనే రాస్తాను ఆ పత్రిక వాళ్ళకి."

"ఎక్కణ్ణుంచి రాస్తావు? శుక్రవారం నువ్వు పోతున్నావు. ఇదంతా నా నెత్తిన పెట్టి పోతావా మోరాగ్?"

మోరాగ్ నవ్వు సగంలో ఆగింది. "సోమవారం వస్తాను. మాట్లాడుకుందాం," అని పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి తల్లీకొడుకులు బల్లకి చెరోవైపు కూర్చుని ఉన్నారు. మోరాగ్ నేరుగా వెళ్ళి లియొనెల్ చెవులు రెండూ పట్టుకుని, ముఖమంతా ముద్దులు పెట్టింది. గంజి అంటుకుంది. లెక్కచెయ్యలేదు.

"నీకేం లేదు. నిజంగా లేదు. బుడ్డిలో ఉన్నది నువ్వు కాదు. తప్పు నాదే. నమ్మనందుకు తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి."

సంగతంతా చెప్పింది. యులాలీ చివరిదాకా నోరు తెరుచుకుని విన్నది.

"అంటే ఏమిటమ్మాయ్? నా కొడుకు రెండేళ్ళుగా ఎవరో పరాయి ఆడదానితో ఒకే బుడ్డిలో కాపురం చేస్తున్నాడా?"

"కాపురం కాదు అత్తయ్యా. మొదటి నెలలోనే ఆవిడ ఆయన్ని మింగేసి ఉంటుంది."

"అయితే కాపురమే," అంది యులాలీ.

లియొనెల్ బల్ల మీద తల వాల్చి నవ్వాడు. "హారన్ కొట్టింది నేను. అయితే తప్పు నాదా?"

"హారన్ నీది, చెయ్యి నాది. చెరిసగం."

"ఇంతకీ ఆవిడెవరు?" అంది యులాలీ ఉన్నట్టుండి.

"ఎవరు?"

"ఆ బుడ్డిలో ఆవిడ. జబ్బు ఉన్నావిడ."

"పేరు తెలీదు అత్తయ్యా. అంకె ఒక్కటే."

"బతికుందా?"

"తెలీదు."

యులాలీ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత లేచి, సింక్‌లో పడేసిన మూట తీసి, తురుము మీద సలసల కాగుతున్న కోడి రసం పోసి కలపసాగింది. "మా ఆయన చెంచా జారవిడిచింది తాగే," అంది తనలో తాను అనుకున్నట్టు. "నేను తిట్టింది సబబే." ఆవిడ ముఖంలో పోయిన వారం పోయిన రంగు తిరిగొచ్చింది.

దుంప తురుమూ కోడీ కలిపి పొయ్యిలో పెట్టిన "రాపీ పై" అనే ఆ వంటకం వాసన ఇల్లంతా కమ్మేసింది. లియొనెల్ పింగాణీ పళ్ళేలు, బెల్లంపాకం సీసా తెచ్చిపెట్టాడు. ఈ వారంలో అతను ఆకలేస్తోందనడం ఇదే మొదలు. మోరాగ్ టీ పెడదామని చూస్తే టీ పాట్ కనబడలేదు. సర్దేసింది కదా. నడవాలోకి వెళ్ళి, ఒక పెట్టె మీద అంటించిన టేపు చర్రున చింపి, కాగితం చుట్టిన టీ పాట్ బయటికి తీసింది.

తిరిగేసరికి లియొనెల్ గుమ్మంలో ఉన్నాడు.

"అది థండర్ బేలో విప్పుదామనుకున్నాం," అన్నాడు.

"టీకి."

"ఊఁ."

అతను కదల్లేదు. ఆమె కూడా.

"నువ్వింకా వెళ్దామనుకుంటున్నావా?" అంది మోరాగ్.

"వస్తున్నానని రాశాను. జబ్బు లేదు కాబట్టి రానని రాయమంటావా?"

"ఆరేళ్ళు వాళ్ళు అడిగితే ఇష్టం లేదన్నావు!"

"ఇష్టం లేకపోవడమేమిటి మోరాగ్? ఆ పొడిలో నా సగం జీవితం ఉంది. నీ బుడ్డీలు లారీ ఎక్కవని ఊరుకున్నాను."

"నాతో ఒక్కసారి కూడా అనలేదే."

"నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు."

వంటింట్లోంచి యులాలీ పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చెవులు రెండూ నడవాలోనే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

"సోమవారం నేను ల్యాబ్‌కి వెళ్ళాలి," అంది మోరాగ్. "నా చేత్తో పాడుచేసింది నేనే బాగుచెయ్యాలి. రెండేళ్ళ పని. ఆ పిల్లల బతుకులున్నాయి అందులో. నేను వదిలేసి రాలేను."

"నాతో వస్తానన్నావు."

"అన్నాను."

"ల్యాబ్ మూసేస్తానన్నావు. నేను మూయమనలేదు. నువ్వే అన్నావు."

"పోయే మనిషికి ఇచ్చిన మాట అది లియొనెల్."

అనేసి నాలుక కరుచుకుంది. కానీ అతనికి కోపం రాలేదు. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. నిన్న ఈ వేళకి, రెండేళ్ళయినా చాలు, ఇతన్ని నాకు ఉంచు అని ఎవరెవరికో మొక్కుకుంది. ఈ రోజు అతను నిండు నూరేళ్ళ మనిషిలా ఎదురుగా నిలబడి తనతో పోట్లాడుతున్నాడు. పోట్లాడుకోవడానికి మొగుడు మిగిలాడు. అంతకంటే ఏం కావాలి?

కావాలి. అదే చిక్కు.

"సరే," అన్నాడు లియొనెల్. దగ్గరికి వచ్చి, ఆమె బుగ్గ మీద ఎండిన గంజిని బొటనవేలితో తుడిచాడు. "పోయేవాడికి ఇచ్చిన మాట వాడితోనే పోయింది. ఇప్పుడు ఉండేవాడు అడుగుతున్నాడు. నాతో వస్తావా?"

ఆరేళ్ళలో ఆ మాట అతను నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి. మోరాగ్ టీ పాట్‌ని తిరిగి పెట్టెలో పెట్టలేదు, వంటింట్లోకీ తీసుకుపోలేదు. రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, అతన్నే చూస్తూ నిలబడింది.